వాద్యబృందంలో రాగం: సాలూరి రాజేశ్వరరావు జీవితం

విజయనగరం సంగీతానికి చేసిన సేవను తలచుకొన్నప్పుడు ఆదిభట్ల నారాయణదాసుగారి హరికథ, ద్వారం వెంకటస్వామినాయుడుగారి వాయులీనం ముందుగా స్ఫురించుట సహజం. ఆ ప్రాంతం నుండియే మూడవ విద్య ఒకటి బయలుదేరి మద్రాసు చేరి, అక్కడి స్టూడియోలలో పెరిగి పెద్దదైనది. చలనచిత్రానికి వాద్యబృందాన్ని సమకూర్చి, కదిలే బొమ్మకు అనుగుణంగా సంగీతాన్ని రచించే విద్య అది. ఆ విద్యలో తెలుగువారిలో తొలి వరుసన నిలిచినవారు సాలూరి రాజేశ్వరరావుగారు. వారి పాటల వరుసలు తెలియని తెలుగు ఇల్లు అరుదు. అయితే పాట నోటికి వచ్చినంత సులభంగా పాట వెనుక నున్న వాద్యాల పని మనసుకు రాదు. గాయకుని కంఠం చెవిని పట్టుకొనును. ఆ కంఠానికి దారి వేసిన వయొలిన్లను, వేణువును ఎవరును పేరుపేరున తలచుకొనరు. వారి జీవితంలో ఈ రెండవ భాగమే నాకు ఎక్కువ విలువైనదిగా తోచుచున్నది.

రాజేశ్వరరావుగారు 1922 అక్టోబరు 11వ తేదీన సాలూరు సమీపాన శివరామపురంలో జన్మించినారు. సాలూరు వేగవతీ నది ఒడ్డున, తూర్పు కనుమల పాదాన, ఒరిస్సా కొండలకు పోవు దారిలో ఉన్న ఊరు. ఆనాడది మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోను, 1979లో విజయనగరం జిల్లాలోను, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోను చేరినది. జిల్లాల పేర్లు మారినను ఊరి సంగీత ఖ్యాతి మారలేదు. పట్రాయని వంశీయులైన ‘పెద్ద గురువుగారు’ నరసింహశాస్త్రిగారు, ‘చిన గురువుగారు’ సీతారామశాస్త్రిగారు సాలూరి పేరును తమ పేరులో భాగంగా చేసికొన్న విద్వాంసులు. ఈ చిన గురువుగారి ప్రసంగం మరల రావలసి యున్నది. పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

తండ్రి సన్యాసిరాజుగారు మృదంగ విద్వాంసులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారికి పక్కవాద్యం వాయించిన చేయి వారిది. పాటలు కూడ వ్రాసెడివారు. అందుచేత ఇంట పాటయు, లయయు రెండును బాలునికి ఉగ్గుపాలతోపాటు అబ్బినవి. ఇక్కడ ఒక విషయం ఆలోచింపదగి యున్నది. వయొలిన్ పాశ్చాత్యుల వాద్యం. అది మన దేశానికి వచ్చి, ముత్తుస్వామి దీక్షితులవారి సోదరులు బాలుస్వామి దీక్షితులవారి కాలం నుండి కర్ణాటక సంగీతానికి ఒదిగినది. 1919లో విజయనగరంలో మహారాజావారు సంగీత పాఠశాలను స్థాపించి నారాయణదాసుగారిని అధ్యక్షులుగా నియమించినప్పుడు, వయొలిన్ బోధించుటకు వచ్చిన యువకులు వెంకటస్వామినాయుడుగారు. 1936లో వారే అధ్యక్షులైరి. కమాను నడకలో, నాద పుష్టిలో నాయుడుగారు పాశ్చాత్యుల మేలును గ్రహించి, రాగభావాన్ని మాత్రం అణుమాత్రం చెడనీయక నిలిపినవారని విజ్ఞులందరూ అంగీకరించిన మాట. కనుక పరదేశపు వాద్యం, స్వదేశపు రాగం ఒకే కమాను కింద కలిసి బ్రతుకగలవన్న సత్యం రాజేశ్వరరావుగారికి పుస్తకంవలన గాక, తండ్రి కూర్చున్న కచేరీ వేదికవలన తెలిసినది. తరువాతి వారి పని అంతటికీ బీజం ఇక్కడనే కనిపించుచున్నది.

నాలుగేండ్లకే రాగాలను గుర్తుపట్టెడివాడని, ఏడేండ్లకే అన్నగారు హనుమంతరావుతో కలిసి కచేరీలు చేసెడివాడని ఆ బాలుని గూర్చి చెప్పుకొందురు. పదకొండు పండ్రెండేండ్ల వయసున హచ్చిన్స్ గ్రామఫోన్ కంపెనీవారు బెంగుళూరుకు తీసికొనిపోయి పాటలు రికార్డు చేసినారు. ఆ కంఠం విని సినిమావారు వెదకుకొనుచు వచ్చినారు. 1935లో విడుదలయైన ‘శ్రీకృష్ణలీలలు’ చిత్రంలో బాలకృష్ణుడు ఈ సాలూరి బాలుడే. కంసుడు వేమూరి గగ్గయ్యగారు. మరుసటి సంవత్సరం ‘శశిరేఖా పరిణయం’లో అభిమన్యుడు. శశిరేఖగా నటించినవారు శాంతకుమారిగారు. ‘మాయాబజార్’ అని కూడ పిలువబడిన చిత్రమది. ఇరువదియొక్క సంవత్సరాల తరువాత అదే కథకు, అదే అభిమన్యునికి తాను వరుసలు కట్టవలసివచ్చునని పదునాలుగేండ్ల బాలుడు ఊహించి యుండడు.

నటనలో మిగిలిపోయినచో మనకు మరియొక పాత నటుడు మాత్రమే దక్కెడివాడు. దారి మరల్చినది కలకత్తా. ఒక చిత్రం పనిమీద అక్కడికి పోయి, ఏడాది కాలం ఉండి, న్యూ థియేటర్స్ సంగీతజ్ఞుల సాన్నిధ్యాన్ని రాజేశ్వరరావుగారు సంపాదించినారు. రాయ్‌చంద్ బోరాల్, పంకజ్ మల్లిక్, కుందన్‌లాల్ సైగల్ వంటివారు ఆ సంస్థలో ఉన్న రోజులవి. హిందూస్థానీ బాణీ, సితారు, తబలా వారి విద్యలో చేరినవి. అంతకు మించినది వాద్యబృందాన్ని కళ్ళారా చూచుట. అప్పటివరకు నటుడు కెమెరా ముందు నిలిచి పాడుచుండగా, హార్మోనియం, తబలా తెరచాటున వాయించుచుండగా, మాట, పాట, వాద్యం కలిపి ఒక్కసారిగా ముద్రించుట దేశమంతటా వాడుక. పాటను ముందుగా వేరుగా ముద్రించి, తరువాత దానిని వినిపించుచు నటునిచేత పెదవులు కదిలింపజేయు పద్ధతి 1935లో న్యూ థియేటర్స్‌లో నితిన్ బోస్ చిత్రంతో స్థిరపడినది. దీనివలన సంగీత దర్శకునికి కలిగిన స్వాతంత్ర్యం చిన్నది గాదు. నటుని కదలికను బట్టి మైకును దాచవలసిన పని లేదు. పది మందిని గాని, ముప్పది మందిని గాని ఒక గదిలో కూర్చుండబెట్టి, ఎవరు దగ్గర, ఎవరు దూరం అని నిర్ణయించి, తృప్తి కలుగువరకు వాయింపజేయవచ్చును. వాద్యరచన అన్నది మన సినిమాలో కళగా మొలకెత్తుటకు ఈ పద్ధతియే క్షేత్రం.

విద్యార్థులకు ఆసక్తి కలిగించు లెక్క ఒకటి ఇక్కడ చెప్పవచ్చును. శబ్ద చిత్రం క్షణానికి 24 బొమ్మల చొప్పున తెరపై పరుగెత్తును. ముప్పదియైదు మిల్లీమీటర్ల ఫిల్ము ఒక అడుగులో 16 బొమ్మలు పట్టును. అనగా నిమిషానికి 90 అడుగులు. ఆదితాళం ఎనిమిది అక్షరాలు గదా! ఒక్కొక్క అక్షరానికి అరక్షణం, అనగా 12 బొమ్మలు ఇచ్చినచో ఒక ఆవర్తనానికి 96 బొమ్మలు. సరిగా ఆరడుగుల ఫిల్ము. కాలప్రమాణాన్ని మృదంగంపై నేర్చినవానికి ఈ లెక్క క్రొత్తది గాదు. తాళాన్ని గజంబద్దతో కొలుచుట మాత్రమే క్రొత్త.

ఈ లెక్కను పరాకాష్ఠకు తీసికొనిపోయినవారు అమెరికాలో గీసిన బొమ్మల చిత్రాలు తీసినవారు. 1928లో వాల్ట్ డిస్నీ మిక్కీ ఎలుకను మాట్లాడించిన తరువాత, 1929లో కార్ల్ స్టాలింగ్ సంగీతంతో అస్థిపంజరాల నాట్యం ఒకటి వెలువడినది. అందులో ప్రతి అడుగును, ప్రతి ఎముక మోతను సంగీతపు మాత్రకు కొలిచి చిత్రకారులు గీసినారు. బొమ్మ గీయువాని చేతిలో కాలం పూర్తిగా ఉండును గనుక సంగీతాన్ని ముందు నిర్ణయించుకొని దానికి తగినట్లు గీయవచ్చును. 1937లో ‘స్నో వైట్’ పూర్తి నిడివి చిత్రంగా వచ్చినది. 1940లో ‘ఫాంటాసియా’లో లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ నిర్వహణలో ఫిలడెల్ఫియా వాద్యబృందం వాయించిన శాస్త్రీయ కృతులకు బొమ్మలే ఆటలాడినవి. రక్తమాంసాలు గల నటులతో తీయు చిత్రంలో ఇంతటి పొందిక కుదురుట కష్టం. అయినను, పాటను ముందు ముద్రించి దాని లయకు నటీనటులను నడిపించు మన పద్ధతి, ఆలోచించి చూచినచో, కదిలే బొమ్మల చిత్రకారుని పద్ధతికి దగ్గరి చుట్టమే. రెండింటను సంగీతమే ముందు పుట్టును. బొమ్మ దానిని వెంబడించును. మన పాటలలో నాయిక చీరకొంగు ఎగురుటయు, పడవ తెడ్డు పడుటయు కాలప్రమాణానికి లోబడి యుండుటకు ఇదే కారణం.

కలకత్తా నుండి మద్రాసు చేరి, ‘విష్ణులీల’ అను తమిళ చిత్రానికి సహాయకులుగా పనిచేసి, 1939లో ‘జయప్రద’తో స్వతంత్రంగా సంగీత దర్శకులైనారు. అప్పటికి వారికి పదునేడేండ్లు. 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ఇల్లాలు’లో నటించి, సంగీతం కూడ సమకూర్చినారు. రావు బాలసరస్వతీదేవిగారితో కలిసి పాడిన లలిత గీతాల రికార్డులు ఈ కాలంలో ఇంటింటా మ్రోగినవి. కృతి గాక, పద్యం గాక, నాటకపు పాట గాక, మెత్తని భావగీతం మెత్తని వాద్యాలతో వినిపించుట తెలుగు చెవికి అప్పటికి క్రొత్త రుచి. ఈనాడు లలిత సంగీతమని మనము పిలుచు ప్రక్రియకు ఆ రికార్డులు తొలి మెట్లలోనివి.

తరువాత జెమినీ. ఎస్. ఎస్. వాసన్‌గారి స్టూడియోలో నటులు, రచయితలు, వాద్యకారులు అందరును నెలజీతంపై ఉండెడివారు. సంగీత దర్శకునికి ఇది వరమే. వాద్యబృందం ప్రతిదినం చేతికింద ఉండును. ఈ రోజు ఫలించని ప్రయోగం రేపు మరల చేయవచ్చును. 1942లో చిత్తజల్లు పుల్లయ్యగారి దర్శకత్వాన వచ్చిన ‘బాలనాగమ్మ’ ఇక్కడి తొలి పెద్ద పరీక్ష. కాంచనమాలగారు బాలనాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావుగారు మాయల మరాఠీ. జంగం కథగా మన పల్లెలలో రాత్రుల తరబడి పాడబడిన ఈ కథ మాయలతో నిండినది. మనిషి కుక్క యగుట, ప్రాణం చిలుకలో దాగుట వంటివి తెరపై చూపునప్పుడు కెమెరా సగమే చేయగలదు; మిగిలిన సగం చెవికి సంబంధించినది. మాయను నమ్మించునది సంగీతం. ఈ చిత్రానికి ఎం. డి. పార్థసారథిగారు కూడ సంగీత దర్శకులు. ఒక స్టూడియోలో ఇద్దరు ముగ్గురు కలిసి పనిచేయుట జెమినీలో సాధారణం.

ఆ జంటయే 1948లో ‘చంద్రలేఖ’కు పనిచేసినది. అయిదేండ్లపాటు నిర్మాణంలో నున్న ఈ చిత్రానికి ముప్పది లక్షల రూపాయలు వ్యయమైనవని ప్రసిద్ధి. తమిళంలో 1948 ఏప్రిల్ 9న, హిందీలో అదే సంవత్సరం డిసెంబరులో విడుదలయై, దక్షిణాది చిత్రం ఉత్తరాదిని జయించుటకు మార్గం వేసినది. పాటలకు రాజేశ్వరరావుగారు, నేపథ్య సంగీతానికి పార్థసారథిగారు ముఖ్యులు. ఇందులో కథ రాజభవనంలో మొదలై, సర్కసు డేరాలోనికి పోయి, సంచారజాతుల నృత్యాలను తాకి, చివరకు రాక్షసాకారం గల మద్దెలలపై నాట్యంతో ముగియును. ఒక్కొక్క తావునకు ఒక్కొక్క ధ్వని కావలెను. సర్కసునకు ఇత్తడి బూరల బ్యాండు, రాజభవనానికి కర్ణాటక బాణీ, సంచారులకు పరదేశపు జానపదం, ఒకచోట వియన్నా నగరపు వాల్ట్‌జ్ నడక. ఇన్ని దేశాల సరకు ఒకే బండిలో వేసినప్పుడు కుదుపుకు పగులక మానదు. ఆ కుదుపు చిత్రంలో అక్కడక్కడ తెలియుచునే యున్నది. దానిని దాచి పొగడుటకంటె, ఇరువదియైదేండ్లయినను నిండీనిండని యువకుడు ఆ బండిని గమ్యం చేర్చినాడన్న సంగతి చెప్పుట న్యాయం.

మద్దెలల నాట్యాన్ని గూర్చి కొంచెం నిలిచి చెప్పవలెను. ఎత్తైన మద్దెలలు వరుసలు వరుసలుగా నిలిపి, వాటిపై నాలుగు వందలమంది నర్తకులు ఆరు నెలలు సాధన చేసిన నృత్యమని చెప్పుదురు. నాట్యం ముగియగానే మద్దెలలు తెరచుకొని లోపలి నుండి సైనికులు దూకుదురు. ప్రతినాయకుని కోటలోనే యుద్ధం మొదలగును. కథానాయిక పన్నిన వ్యూహం అది. సంగీతకారుని దృష్టితో చూచినచో ఇక్కడి చిక్కు స్పష్టం. ఇన్ని కాళ్ళు ఒక్కసారి పడవలెనన్నచో లయ ఉక్కుకంబమై నిలువవలెను. కాని ఉక్కుకంబమంతటి లయను పెక్కు నిమిషాలు విన్న చెవి విసుగుచెందును. దీనికి మన తాళవాద్య కచేరీలో ఒక ఉపాయం కలదు. కాలప్రమాణం మార్చక నడకలను మార్చుట, సద్దు తగ్గించి పెంచుట, ఒక వాద్యం ప్రశ్నింపగా మరియొకటి బదులు చెప్పుట. ఆ నాట్యంలో చర్మవాద్యాల సవాలు జవాబులు విన్నవారికి తనియావర్తనం గుర్తురాక మానదు. హాలీవుడ్ హంగులను అనుకరించిన దృశ్యమని విమర్శకులు అన్నను, దాని గుండె చప్పుడు మాత్రం మన మృదంగానిదే. సన్యాసిరాజుగారి కుమారునికి ఆ చప్పుడు ఎక్కడి నుండియో అరువు తెచ్చుకొనవలసిన పని లేదు.

జెమినీని విడిచిన తరువాత వచ్చిన ‘మల్లీశ్వరి’ ఇందుకు నేరుగా ఎదుటి పక్షం. 1951 డిసెంబరు 20న విడుదలయైన ఈ వాహినీ చిత్రానికి బి. ఎన్. రెడ్డిగారు దర్శకులు, దేవులపల్లి కృష్ణశాస్త్రిగారు కవి, భానుమతిగారు, ఘంటసాలగారు గాయకులు. పాటల పనికి ఆరు నెలల కాలం పట్టినదని ప్రతీతి. వాద్యనిర్వహణలో అద్దేపల్లి రామారావుగారు తోడ్పడినారు. ‘చంద్రలేఖ’లో వాద్యబృందం తెరను నింపినది, ‘మల్లీశ్వరి’లో తెర వెనుకకు తప్పుకొన్నది.

ఈ తప్పుకొనుటలోనే విద్య యున్నది. ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన విషయం గనుక వివరింతును. పాశ్చాత్య వాద్యబృందం స్వరమేళనంపై నిలిచినది. రెండు మూడు స్వరాలు ఒక్కసారి పలికి, ఆ కలయికయే భావాన్ని మోయును. మన రాగం ఒక్క గీతగా సాగునది. భావాన్ని మోయునది స్వరానికీ స్వరానికీ నడుమ జారుపాటు, కంపితం, అనగా గమకం. గాయకుడు గాంధారాన్ని ఊపుచుండగా వెనుక పది వయొలిన్లు అదే గాంధారాన్ని కదలక పట్టుకొని నిలిచినచో రెండును కలహించును, రాగం చచ్చును. దీనికి జడిసి కొందరు వాద్యాలన్నిటిచేత గాయకుని వరుసనే వాయింపజేసి చేతులు దులుపుకొనిరి. అది మేళమే గాని రచన గాదు. రాజేశ్వరరావుగారు నడిచిన దారి వేరు. గమకం పలుకు తావున వాద్యాలు ఊరకుండును, లేదా ఒక్క వేణువు మాత్రం నీడవలె వెంబడించును. చరణం ముగిసి గాయకుడు ఊపిరి తీసికొనునప్పుడు వయొలిన్లు లేచి, రాబోవు భావాన్ని ముందుగా సూచించి, మరల తగ్గును. దీర్ఘ స్వరంపై నిలుకడ వచ్చినప్పుడు మాత్రమే, అదియు మెల్లగా, స్వరమేళనం వినిపించును. ఈ పొదుపు తెలిసినవారు ఆ కాలంలో ఎక్కువమంది లేరు.

రాగాల ఎన్నికలోను ఈ తెలివి కనిపించుచున్నది. మోహన, హిందోళం వారికి ఇష్టమైన రాగాలలోనివి. రెండును ఔడవాలు, అయిదేసి స్వరాలవి. మోహనలోని గాంధారాన్ని షడ్జమంగా గ్రహించినచో హిందోళం వచ్చునని సంగీత విద్యార్థులకు తెలియును. ఈ రెంటిలోను పక్కపక్క స్వరాల మధ్య అర్ధస్వరపు ఇరుకు లేదు. అందుచేత ఏ రెండు స్వరాలు కలిసి మ్రోగినను పరుషంగా ఉండదు. పియానోను, వయొలిన్ల గుంపును రాగానికి నొప్పి కలుగకుండ దగ్గరకు రానిచ్చు రాగాలివి. 1964లో బి. ఎన్. రెడ్డిగారి ‘పూజాఫలం’లో నాయిక పియానో ముందు కూర్చుండి పాడు హిందోళపు పాట ఇందుకు నిదర్శనం. ఎస్. జానకిగారు పాడిన ఆ పాటలో పియానో పరాయిదిగా తోచదు. హిందోళం దొరవేషం వేసికొన్నట్లును ఉండదు. తరగతిలో ఒక్క పాట వినిపించుటకు మాత్రమే వ్యవధి యున్నచో నేను దీనినే ఎన్నుకొందును.

‘విప్రనారాయణ’ 1954లోను, ‘మిస్సమ్మ’ 1955లోను వచ్చినవి. ‘మిస్సమ్మ’లో పాడిన పి. సుశీలగారు విజయనగరపు ఆడపడుచు. ఆ చిత్రం హిందీకి పోయినప్పుడు అక్కడ హేమంత్‌కుమార్‌గారు సంగీత దర్శకులైనను, బృందావనపు పాటకు మాత్రం రాజేశ్వరరావుగారి వరుసనే నిలుపుకొన్నారు. హిందీ వరుసలు తెలుగునకు దిగుమతి యగుచుండిన రోజులలో ఇది ఎదురు ప్రయాణం.

ఇక 1957 నాటి ‘మాయాబజార్’. మన భాషలో గీసిన బొమ్మల చిత్రపు స్వేచ్ఛకు అంత దగ్గరగా పోయిన చిత్రం మరియొకటి కానరాదు. లడ్డూలు తమంతట తాము లేచి ఘటోత్కచుని నోటిలోనికి పోవును. కంబళి దానంతట అది చుట్టుకొనును. పెట్టె తెరచిన వారికి ఇష్టమైనవి కనిపించును. మార్కస్ బార్ట్లీగారి కెమెరాయు, కె. వి. రెడ్డిగారి దర్శకత్వమును చేసిన గారడి యది. ఈ చిత్రానికి మొదట నియమితులైనవారు రాజేశ్వరరావుగారు. నాలుగు పాటలకు వరుసలు కట్టి తప్పుకొన్నారు. ఆ నాలుగింటికీ వాద్యాలు సమకూర్చి ముద్రించి, మిగిలిన పాటలకు వరుసలు కట్టి, నేపథ్య సంగీతం పూర్తిచేసినవారు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు. సంగీత దర్శకులుగా చిత్రంలో ప్రకటితమైన పేరు వారిదే.

వెన్నెలలో పడవమీద సాగు మోహన రాగపు పాట రాజేశ్వరరావుగారి వరుస. దాని వాద్యరచన ఘంటసాలగారిది. వరుస కట్టినవారొకరు, వస్త్రం తొడిగినవారొకరు అయినప్పుడు అతుకు కనబడుట లోకసహజం. ఇక్కడ అతుకు కనబడదు. కారణం వెదకినచో మరల సాలూరు చేరవలసి వచ్చును. ఘంటసాలగారిది కృష్ణా జిల్లా. కాని వారు సంగీతం అభ్యసించినది విజయనగరంలో, వారి గురువు పట్రాయని సీతారామశాస్త్రిగారు, అనగా సాలూరి చిన గురువుగారే. ఇద్దరి చెవులును ఒక్క గాలికి పెరిగినవి. ఒకరి మనసులోని వాద్యాన్ని మరియొకరు ఊహింపగలుగుట వింత గాదు. అయినను, ఆ పాట విని తలయూపు వేలమందికి మొదటి పేరు తెలియకపోవుట న్యాయమని చెప్పలేము. చేపట్టిన పనిని నడుమ విడుచు స్వభావం వారికి కొంత నష్టం కలిగించిన మాటయు నిజమే. సంగీతంలో ఇంత ఓర్పు గల మనిషి వ్యవహారంలో అంత ఓర్పు చూపలేదు.

సొంత సీమ ఋణం తీర్చుకొనుటకు ‘బొబ్బిలియుద్ధం’ అవకాశమిచ్చినది. 1757 జనవరి 24న బుస్సీ ఫిరంగుల ఎదుట, విజయనగరపు పూసపాటి విజయరామరాజుగారి వైరం మధ్య, బొబ్బిలి కోట నేలమట్టమైన కథ ఆ ప్రాంతంలో ప్రతి బిడ్డకును తెలిసినది. సాలూరు నుండి బొబ్బిలి కొద్ది మైళ్ళ దూరం. 1964లో సి. సీతారాంగారి దర్శకత్వాన రామారావుగారు రంగారాయుడుగా, భానుమతిగారు మల్లమ్మగా, ఎస్. వి. రంగారావుగారు తాండ్ర పాపారాయుడుగా నటించిన చిత్రమది. జంగాలు తంబురా గుమ్మెటలతో పాడుకొనిన కథకు ఇప్పుడు వాద్యబృందం తోడైనది. యుద్ధచిత్రమని ఫిరంగుల మోతనే నమ్ముకొనక, అంతఃపురపు శృంగారానికి, దైవప్రార్థనకు ఎక్కువ చోటు ఇచ్చి, పోగొట్టుకొనబోవు బ్రతుకు ఎంత తీయనిదో ముందుగా వినిపించుటచేత చివరి విధ్వంసం బరువెక్కినది. ఇరువది రెండేండ్ల తరువాత, 1986లో ‘తాండ్ర పాపారాయుడు’ చిత్రానికి కూడ వారే సంగీతం సమకూర్చినారు.

‘చెంచులక్ష్మి’, ‘భీష్మ’, ‘కులగోత్రాలు’, ‘డాక్టర్ చక్రవర్తి’ మొదలగు చిత్రాలను పేరు పేరున వివరించుటకు ఇది తావు గాదు. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’ను మాత్రం విడువరాదు. ఎ. వి. ఎం. వారు రంగులలో తీసిన ఈ చిత్రంలో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు నారదులుగా నటించి పాడినారు. అంతటి విద్వాంసుడు పాడుచున్నప్పుడు వాద్యబృందం ఏమి చేయవలెను? వినయంగా శ్రుతి పట్టి వెనుక నడువవలెను. స్తంభం చీలి నరసింహుడు వెడలునప్పుడో, బృందమంతయు ఒక్క గొంతుతో గర్జింపవలెను. ఎప్పుడు ఏది తగునో నిర్ణయించుటయే చలనచిత్ర సంగీతకారుని ఔచిత్యం.

పిమ్మటి కాలంలో వాద్యాల పోకడ మారినది. విద్యుత్తుతో మ్రోగు గిటారు, ఆర్గను వచ్చినవి. నిర్మాతల అభిరుచి వేగం వైపు మరలినది. రాజేశ్వరరావుగారు క్రొత్త వాద్యాలకు విముఖులు గారు, కాని అవకాశాలు తగ్గినవి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణతో సత్కరించినది. 1992లో రఘుపతి వెంకయ్య పురస్కారం లభించినది. కుమారులు తండ్రి విద్యను చేపట్టినారు. వారిలో కోటిగా ప్రసిద్ధులైన కోటేశ్వరరావుగారు తరువాతి తరం సినీ సంగీతంలో పేరు పొందినారు. 1999 అక్టోబరులో చెన్నైలో, డెబ్బదియేడు నిండిన వయసున రాజేశ్వరరావుగారు పరమపదించినారు.

స్టూడియోలో వాద్యరచన కాగితాలపై వ్రాసికొనిన స్వరాలకు ధ్వనిముద్రణ ముగియువరకే అక్కర. పాట ఫిల్ముపై ఎక్కగానే ఆ కాగితాలు ఎవరికిని పట్టవు. కృతికర్త వ్రాతప్రతిని తాటాకులలో దాచుకొన్న జాతి సినీ వాద్యరచనను దాచుకొనలేదు. అందుచేత ఆ విద్యను నేర్వదలచినవారు చెవినే ఆశ్రయింపవలెను. ఒకే పాటను మూడుసార్లు విని, మొదటిసారి కంఠాన్ని, రెండవసారి వయొలిన్లను, మూడవసారి నిశ్శబ్దం ఎక్కడెక్కడ ఉంచినారో దానిని గమనింపవలెను. 2010లో ‘మాయాబజార్’ను కంప్యూటరు సాయంతో రంగులద్ది మరల విడుదల చేసినారు. వెన్నెల నీలిరంగు దాల్చినది. పడవ, తెడ్డు, మోహన రాగం మాత్రం 1957లో ఉన్న కాలప్రమాణంలోనే సాగినవి.